మూఢనమ్మకాలు: వాటి పుట్టుక, వాటి ఖరీదు

(సంఘం వారి ఉగాది సభలో పంచాంగ శ్రవణానంతరం చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే మూఢనమ్మకాలను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించారు. విస్తరి ముందు కూర్చున్నవారికి ఉపవాస మహిమ చెప్పమన్నట్లున్నది ఈ ఆదేశం. సిద్ధాంతిగారు ఇప్పుడే ఆదాయవ్యయాలు చదివారు. మా రాశికి ఆదాయం రెండు, వ్యయం పదునాలుగు అని వినగానే మేమూ ఒక్క క్షణం జేబు తడుముకున్నాము. కాబట్టి ఎవరినీ ఎగతాళి చేయడానికి ఇక్కడ నిలబడలేదని మొదటే మనవి చేస్తున్నాము. ఈ రోగం మాకూ ఉన్నది. రోగి రోగాన్ని గురించి చెప్పే మాటలుగానే వీటిని ఆలకించండి.

మన పూర్వులు ఈ చెన్నపట్నానికి, ఈ తమిళ దేశానికి ఎప్పుడెప్పుడో వచ్చారు. కొందరు నూరేండ్ల కిందట వచ్చారు, కొందరు అంతకు మూడు నాలుగు తరాలకు ముందే వచ్చారు. వచ్చేటప్పుడు పొలం తేలేకపోయారు, బావి తేలేకపోయారు. భాషతోపాటు తెచ్చుకున్నవి ఇలవేల్పు, ఊరగాయ జాడీ, శకునాలు. జాడీ ఎప్పుడో పగిలిపోయింది. శకునాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పరాయి నేల మీద బ్రతకడంలో ఒక లాభం ఉన్నది. మన నమ్మకం పక్కన పొరుగువాని నమ్మకం నిలబడి కనిపిస్తుంది. సొంత ఊళ్లో ఉంటే మన ఆచారమే లోకాచారమనుకుంటాము. ఇక్కడ అట్లా అనుకోవడానికి వీలులేదు.

ఆషాఢమాసం సంగతే చూడండి. మనకది శూన్యమాసం. పెండ్లి చేయము, గృహప్రవేశం చేయము. మన పక్కింటి తమిళ సోదరులకు ఆడిమాసం అటువంటిదే. రెండూ ఒకే నెల అనుకుంటాము గాని దినాలు వేరు. మనది చాంద్రమానం, అమావాస్య వెళ్లిన మరునాటినుండి నెల మొదలు. వారిది సౌరమానం, సూర్యుడు కర్కాటకరాశిలో ప్రవేశించిన జూలై నడిమినుండి ఆడి మొదలు. అందుచేత మనం ఆషాఢమని పెండ్లి మాటలు వాయిదా వేసుకున్న దినాలలోనే పక్కింట ఆనిమాసపు మేళం మోగుతూ ఉంటుంది. మనకు శ్రావణం వచ్చి మేళం మోగే నాటికి వారు ఆడి ఇంకా వెళ్లలేదని ముహూర్తాలు మానుకొని కూర్చుంటారు. ఆకాశం ఒకటే, వీధి ఒకటే, మేళగాండ్రు కూడా చాలాసార్లు ఒకరే. మనం కాదన్న దినాలలో వారు చేసిన పెండ్లిండ్లూ నిలుస్తున్నవి. వారు కాదన్న దినాలలో మనం చేసినవీ నిలుస్తున్నవి.

మన తెలుగువారు ఒడిశాలో బరంపురం వంటి పట్టణాలలోనూ, ముంబయిలోనూ స్థిరపడి ఉన్నారు గదా. ఆషాఢంలోనే పూరీలో జగన్నాథుని రథం కదులుతుంది. మంగళవారం మనం కొత్త పని మొదలుపెట్టము. మరాఠీ దేశంలో మంగళవారంతో కూడిన సంకష్టచతుర్థిని అంగారకి అని విశేష పుణ్యదినంగా కొలిచి, గణపతి గుడి ముందు తెల్లవారకముందే బారులు తీరుతారు. ఒకే వారం ఒకచోట కీడు, ఒకచోట మేలు. అప్పుడు ఆ గుణం వారానిదా, మనిషిదా?

మరి ఇటువంటి నియమం ఎట్లా పుట్టింది? ఆషాఢం ఏరువాక కాలం. ఇంటిల్లిపాదికీ పొలం పని, గాదెలో గింజ తక్కువ, చేతిలో డబ్బు తక్కువ. అట్టి నెలలో పెండ్లి పెట్టుకోవద్దని పెద్దలు కట్టడి చేశారంటే సబబుగానే తోస్తుంది. కాని పట్నంలో కచేరీకి పోయి నెల జీతం తెచ్చుకునే మనకు ఏరువాక ఎక్కడిది? కారణం పొలంలోనే ఉండిపోయింది. నియమం మాత్రం మనతో బండి ఎక్కి వచ్చింది. రాత్రిపూట గోళ్లు తీయరాదు, దీపం పెట్టాక ఇల్లు ఊడ్చి చెత్త బయట పోయరాదు అన్నవీ ఇట్టివే కావచ్చు. ఆముదపు దీపం వెలుగులో వేలు తెగుతుంది, చెత్తలో ముక్కుపుడక పోతుంది. విద్యుద్దీపం వచ్చినా మాట మారలేదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ప్రతి ఆచారానికీ ఏదో ఒక శాస్త్రీయ కారణం అతికించి, మన పెద్దలకు అంతా ముందే తెలుసునని సంతోషించడం ఈ మధ్య బాగా ఎక్కువైంది. అదీ ఒక మూఢనమ్మకమే. కారణం అల్లడం తేలిక, రుజువు చేయడం కష్టం. అన్ని నమ్మకాలూ బుద్ధిలోనుంచి పుట్టలేదు. చాలావరకు భయంలోనుంచి పుట్టినవి.

1948లో అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆకలిగొన్న ఎనిమిది పావురాలను పంజరాలలో ఉంచి, అవి ఏమి చేసినా చేయకపోయినా నియమిత కాలానికొకసారి గింజలు అందేటట్లు ఏర్పాటు చేశాడు. కొంతకాలానికి ఒక పావురం గిరగిర తిరగసాగింది. ఇంకొకటి పంజరం పైమూలకు తల పొడవసాగింది. ఎనిమిదింటిలో ఆరు ఇట్లా తలా ఒక తంతు నేర్చినవి. గింజలు పడిన క్షణాన తాను చేస్తూ ఉన్న పనివల్లనే గింజలు పడినవని ప్రతి పావురమూ నమ్మినట్లు ప్రవర్తించింది. పరీక్షనాడు నెగ్గిన చొక్కానే ప్రతి పరీక్షకూ తొడిగే మన కుర్రవాడు ఆ పావురానికి దూరపు చుట్టం కాడు.

అదే శతాబ్దపు రెండో దశకంలో మలినౌస్కీ అనే పండితుడు పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి అక్కడి జాలరుల జీవితాన్ని పరిశీలించాడు. ఒడ్డుకు దగ్గరగా, నిలకడ నీటిలో చేపలు పట్టేటప్పుడు వారికి మంత్రతంత్రాలు లేవు. అక్కడ ప్రమాదం లేదు, చేప దొరకడం ఖాయం. నడిసముద్రానికి పోయేటప్పుడు మాత్రం తంతు మీద తంతు. తెలివి పనిచేసేంత మేర తెలివినే నమ్ముకున్నారు. తెలివి అందని చోట మంత్రాన్ని ఆశ్రయించారు. మనమూ అంతే. బజారుకు కూరగాయలకు పోవడానికి శకునం చూడము. ఆపరేషనుకు పోయేటప్పుడు చూస్తాము.

దీనికి తోడు మన జ్ఞాపకం పక్షపాతం గలది. రోము దేశపు పండితుడు సిసిరో రెండువేల ఏండ్ల కిందట ఒక కథ వ్రాశాడు. ఓడ మునిగేవేళ దేవునికి మొక్కి బ్రతికి బయటపడినవారి పటాలను గుడిలో చూపి, చూచావా మహిమ అని ఒకరు అడిగారట. మొక్కికూడా మునిగిపోయినవారి పటాలు ఎక్కడ అని చూచినవాడు తిరిగి అడిగాడట. పిల్లి ఎదురైనా పని చక్కబడిన దినాలు మనకు గుర్తుండవు. పిల్లి ఎదురై పని చెడిన ఒక్క దినం మనవలకు కూడా చెప్పుకుంటాము.

ఇంకొక కారణం, ఖరీదు తక్కువగా కనిపించడం. నమ్మితే పోయేదేమున్నది, ఒక నిమిషం ఆగి మంచినీళ్లు త్రాగి పోతాను, నమ్మక కీడు జరిగితే ఎట్లా అని బేరం వేసుకుంటాము. చిన్న నమ్మకాలన్నీ ఈ బేరం మీదనే బ్రతుకుతున్నవి. మనం ఈ బేరం రెండింతలు చేశాము. వర్జ్యం, దుర్ముహూర్తం మన పంచాంగంలోనుంచి తెచ్చుకున్నాము. రాహుకాలం, యమగండం ఇక్కడి గోడ క్యాలెండరు చూచి ఒంటబట్టించుకున్నాము. రాహుకాలం గంటన్నర, యమగండం గంటన్నర, వర్జ్యం నాలుగు ఘడియలు అనగా 96 నిమిషాలు, దుర్ముహూర్తం 48 నిమిషాలు. లెక్క కడితే రోజుకు అయిదు గంటలకు పైగా మన చేతినుండి పోతున్నది. సెంట్రల్ స్టేషనులో రైలు మాత్రం ఏ కాలమూ చూడక తన వేళకు కదిలిపోతుంది. మనమే మంచి గడియలో ఒక సంచి పొరుగింట పెట్టి వచ్చి, తరువాత తీరికగా బయలుదేరుతాము. ఇంతవరకు నవ్వుకోదగిన సంగతి. దీనివల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు.

ఇక నవ్వలేని సంగతి ఒకటి చెప్పాలి. ఇది మా ఇంటిది.

1980 ఫిబ్రవరి 16వ తేదీ శనివారం సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. కర్ణాటక, ఆంధ్ర, ఒడిశా ప్రాంతాల మీదుగా దాని పూర్ణచ్ఛాయ సాగిపోయింది. హైదరాబాదు దగ్గర జపాల్–రంగాపురంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు నక్షత్రశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. చెన్నపట్నంలో పాక్షికంగానే కనిపించినా, ఆ మధ్యాహ్నం మా వీధి కర్ఫ్యూ పెట్టినట్లుండినది. మా పెద్దక్కయ్య అప్పుడు నిండు నెలలకు దగ్గరలో ఉన్నది. ఆమెను చీకటిగదిలో పడుకోబెట్టి, కదలవద్దని, గోకవద్దని, కత్తి పట్టవద్దని చెప్పి తలుపు వేశారు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆమె అన్నింటికీ ఒప్పుకున్నది.

ఏప్రిల్ నెలాఖరున ఆడపిల్ల పుట్టింది. పైపెదవి చీలి ఉన్నది.

ఆ చీలికకు మన భాషలో ఉన్న పేరు మీకందరికీ తెలుసు. గ్రహణపు మొర్రి అంటారు. ఆ పేరు కేవలం పేరు కాదు, తీర్పు. బిడ్డను చూచిన ప్రతివారూ ఒకే ప్రశ్న అడిగారు: “ఆనాడు ఏమి కోశావమ్మా?” ఏమీ కోయలేదన్నది. ఒకరు అడిగారు, పదిమంది అడిగారు. పదిదినాలు వెదకగా వెదకగా ఆమెకే ఒకటి జ్ఞాపకం వచ్చింది. గ్రహణం పట్టకముందు పూలు కడుతూ, చివరి అరటినార పంటితో తెంచింది. అప్పటికి గ్రహణం పట్టిందో లేదో ఆమెకు తెలియదు. అంతే, కారణం దొరికింది. అందరి మనసూ కుదుటబడింది, ఆమెది తప్ప.

ఆమె అత్తగారు చెడ్డ మనిషి కారు. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఆసుపత్రికి తీసుకొనిపోయిందీ, డాక్టర్లు పెదవి కుట్టిననాడు రాత్రంతా మేలుకొని కూర్చున్నదీ ఆవిడే. అయినా ఆ నారముక్క మాట ఆవిడ మరువలేదు. అక్కయ్యనూ మరువనీయలేదు. ప్రేమ, నింద ఒకే మనిషిలో, ఒకే ఇంట్లో కాపురముంటవి. మూఢనమ్మకం దుర్మార్గులలోనే ఉంటుందని అనుకుంటే మనం దానిని ఎన్నటికీ గుర్తుపట్టలేము.

ఆ పిల్ల పెరిగి, చదువుకొని, పెండ్లి చేసుకొని గర్భవతి అయింది. 2010 జనవరి 15వ తేదీ, సరిగా కనుమనాడు, మళ్లీ సూర్యగ్రహణం వచ్చింది. కన్యాకుమారి, రామేశ్వరం ప్రాంతాలలో సూర్యుడు కంకణంవలె కనిపించినది అప్పుడే. దానికి వారం ముందు తల్లీకూతుళ్లు డాక్టరు దగ్గరకు పోయారు. గ్రహణంనాడు పిల్లను ఎట్లా కాపాడుకోవాలని అక్కయ్య అడిగింది. ఎందుకంత భయమని డాక్టరమ్మ అడిగితే, ముప్పై ఏండ్ల కిందటి నారముక్క కథ చెప్పింది.

డాక్టరమ్మ నవ్వలేదు. పిల్ల పుట్టిన తేదీ అడిగింది. తరువాత ఇట్లా చెప్పింది: “బిడ్డ ముఖం కడుపులో రెండు ప్రక్కలనుండి పెరిగి వచ్చి నడుమ కలుసుకుంటుంది. పైపెదవి కలుసుకునేది గర్భం నిలిచిన నాలుగో వారం మొదలు ఏడో వారం దాకా. కలుసుకోకపోతే చీలిక మిగులుతుంది. వంశలక్షణాలు, కొన్ని మందులు, పొగ త్రాగడం వంటివి ఇందుకు దోహదం చేయవచ్చు. చాలామంది విషయంలో ఇదీ అని ఒక్క కారణం చూపలేము. మీ అమ్మాయి పెదవి చీలినది 1979లోనే. 80 ఫిబ్రవరిలో గ్రహణం పట్టేనాటికి ఆ పని ముగిసిపోయి నాలుగైదు నెలలైనదమ్మా.”

అక్కయ్య వ్రేళ్లమీద నెలలు లెక్కపెట్టుకున్నది. మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నది. “అయితే నావల్ల కాదన్నమాట,” అని, ఆ మీదట చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏండ్ల శిక్ష అనుభవించిన తరువాత నిర్దోషి అని విన్నవారు ఇంకేమి మాట్లాడగలరు? కనుమనాడు గ్రహణం పట్టి ఉండగానే ఆమె వంటింట్లోకి పోయి, కూతురికి అన్నం కలిపి తెచ్చి పెట్టింది. చేతులు వణికినవని తానే మాకు చెప్పింది. ఆ వణికిన చేతులకంటె గొప్ప ధైర్యం మేము చూడలేదు.

ఈ నమ్మకం ఇన్నాళ్లు ఎట్లా బ్రతికిందో ఆలోచించండి. ఏడాదికి ప్రపంచంలో సూర్యగ్రహణాలు రెండింటికి తక్కువ ఉండవు. చంద్రగ్రహణాలు కూడా కలిపితే నాలుగు మొదలు ఏడు దాకా ఉంటవి. ఇంచుమించు ఆరునెలలకొకసారి గ్రహణాల సమయం వస్తుంది. కాబట్టి ఏ తల్లి తొమ్మిది నెలలు తీసుకున్నా వెదికితే ఒక గ్రహణం దొరకక మానదు. అది మన ఊరికి కనిపించినదా లేదా అని దుఃఖంలో ఎవరు చూస్తారు? ఇక పూలు కట్టని, కూర తరగని, దారం తెంచని ఇల్లాలు ఎక్కడ ఉన్నది? నేరం సిద్ధంగా ఉన్నది, వేళ సిద్ధంగా ఉన్నది. బిడ్డ ఆరోగ్యంగా పుడితే ఎవరూ ఏమీ అడగరు. చీలిన పెదవితో పుడితే తల్లి దొరుకుతుంది. చంద్రగ్రహణమో సూర్యగ్రహణమో చూడనేరని దేశం లేదు, చీలిన పెదవితో బిడ్డ పుట్టని దేశమూ లేదు. కాని బిడ్డ పెదవికి గ్రహణం పేరు పెట్టుకున్న భాష మనది.

మన పెద్దలకు గ్రహణమంటే ఏమిటో తెలియక కాదు. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో సూర్యుని చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుని భూమి నీడ కప్పుతుందనీ స్పష్టంగా వ్రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు నీడలను పట్టే గ్రహణగణితం చేసికూడా, రాహువును కాదనేవారిని మందలించాడు. తెలివి, భయం ఒకే తలలో ఇరుగుపొరుగుగా ఉండగలవనడానికి ఇంతకంటె నిదర్శనం వద్దు. సిద్ధాంతిగారు చదివిన పంచాంగమే చూడండి. స్పర్శ ఎన్ని గంటలకు, మోక్షం ఎన్ని గంటలకు అని ఏడాది ముందే నిమిషాలతో అచ్చువేశారు. పగబట్టి మింగే రాహువైతే ఇంత క్రమం తప్పక గడియారం చూచి మింగుతాడా?

మన నేలకూ గ్రహణ శాస్త్రానికీ మంచి చుట్టరికం ఉన్నది. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ గ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చి, సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని విశ్లేషించాడు. ఆ సంవత్సరపు పరిశోధనలలో బయటపడిన ఒక పసుపుపచ్చ గీతయే హీలియం అనే మూలకానికి ఆనవాలు. 1895లో గాని అది భూమి మీద దొరకలేదు. అదే గ్రహణాన్ని వనపర్తిలో ఉండి పరిశీలించినవారు చింతామణి రఘునాథాచారిగారు. ఈ నగరంలోనే, నుంగంబాకంలో ఉండిన మదరాసు నక్షత్రశాలలో ఆయన పనిచేశారు. పంచాంగకర్తల వంశంలో పుట్టి, దుర్భిణితో చూచిన ఆకాశానికి సరిపడే దృగ్గణిత పంచాంగం ప్రకటించారు. పంచాంగాన్ని పారవేయలేదు, సరిదిద్దారు. మాకు ఆదర్శం ఆయనే.

అందుచేత అన్ని ఆచారాలనూ మానివేయమని మేము చెప్పబోవడం లేదు. గుమ్మానికి మామిడాకులు కట్టండి, బిడ్డకు దిష్టిచుక్క పెట్టండి. గ్రహణం విడిచాక స్నానం చేసేవారు చేయండి. సూర్యగ్రహణాన్ని వట్టి కంటితో మాత్రం చూడకండి. అది నమ్మకం కాదు, కంటిపొరకు నిజమైన అపాయం. ఏ నమ్మకం ఎదురైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? నా సంచి పొరుగింట పెట్టితే ఆ శ్రమ నాదే. గర్భిణిని నీళ్లు లేకుండా పడుకోబెడితే ఆ దాహం ఆమెది. భర్త పోయిన స్త్రీ ఎదురైతే వెనక్కు తిరిగి గడప ఎక్కుతాము. మన ప్రయాణం పది నిమిషాలు ఆలస్యం, ఆమెకు బ్రతుకంతా అవమానం. కన్నబిడ్డ పెండ్లికి తల్లి పందిట్లో వెనుక వరుసలో స్తంభం చాటున నిలబడుతున్నది. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన 1919లో కన్నుమూసినది ఈ చెన్నపట్నంలోనే. అయినా అక్షతలు వేయడానికి ఆ తల్లిని ముందుకు పిలవడానికి మనకు ఇంకా నోరు రావడం లేదు.

ఖరీదు ఇంకా పెరిగితే ప్రాణాల దాకా పోతుంది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా చట్టం రావాలని పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పూణేలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్రలో ఆ చట్టం వచ్చింది. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని నిషేధిస్తూ ఒడిశాలో కూడా 2013లోనే చట్టం చేశారు. కర్ణాటకలో 2017లో చేశారు. చట్టం హత్యను శిక్షిస్తుంది. “ఆనాడు ఏమి కోశావమ్మా?” అన్న ప్రశ్నను ఏ చట్టమూ శిక్షించలేదు. దానిని మనమే మానాలి.

సంఘం వారికి మా విన్నపం చిన్నది. వచ్చే ఉగాదినుండి పంచాంగ శ్రవణంలో గ్రహణాల వేళలు చదివిన వెంటనే, గర్భిణులు వేళకు భోజనం చేయవచ్చుననీ, బిడ్డ పెదవికీ గ్రహణానికీ సంబంధం లేదనీ ఒక్క వాక్యం చదివించండి. సిద్ధాంతిగారి నోటనే చదివించండి. మా మాట వినని చెవులు వారి మాట వింటవి. ఇండ్లలో ఆ పాతపేరు మాని చీలిన పెదవి అని చెప్పండి. అట్టి బిడ్డ పుడితే తల్లిని ఏమీ అడగవద్దు. తిన్నగా ఆసుపత్రికి తీసుకొనిపొండి, కుట్టితే చక్కబడే చీలిక అది.

ఆనాటి పిల్ల ఈ సభలోనే, మూడో వరుసలో, తన కొడుకును పక్కన పెట్టుకొని కూర్చున్నది. ఆమె అనుమతితోనే ఇదంతా చెప్పినాము. మా అక్కయ్య పక్క గదిలో మీకందరికీ ఉగాది పచ్చడి కలుపుతున్నది. మామిడికాయ ఆమే తరిగింది.

సెలవు.